తారు వద్దన్న దారుల్లో... నాలుగు రోజులు!

“గ్రావెల్ రోడ్డు మీద సైకిల్ తొక్కడానికి ఇటలీ దాకా ఎందుకే? మన పుంత ఉందిగా!”

టికెట్లు బుక్ చేశానని ఫోన్ చేస్తే అమ్మ అన్న మొదటి మాట ఇది. నిజం చెప్పాలంటే నా దగ్గర సమాధానం లేదు. తణుకు దగ్గర మా ఊళ్లో, మెయిన్ రోడ్డు నుంచి మా ఇంటి వరకూ కిలోమీటరున్నర పుంత. నాకు తెలిసి రెండుసార్లు గ్రావెల్ తోలారు. రెండుసార్లూ వానలకి కొట్టుకుపోయింది. తారు రోడ్డు వేయండి బాబూ అని మా నాన్న పద్నాలుగేళ్లుగా అర్జీలు పెడుతూనే ఉన్నారు.

అలాంటి ఇంట్లో పుట్టి, తారు లేని రోడ్డు వెతుక్కుంటూ విమానం ఎక్కుతున్నానంటే అమ్మకి నవ్వు రాదూ మరి!

తప్పంతా మా తమ్ముడిది. వాడు ట్యూరిన్‌లో ఎమ్మెస్ చేస్తున్నాడు. నేను హైదరాబాద్‌లో ఉద్యోగం. ఆదివారం పొద్దున్నే ఔటర్ పక్కన సోలార్ సైకిల్ ట్రాక్ మీద రెండు రౌండ్లు కొట్టి, ఫొటో పెట్టి, దోసె తిని ఇంటికొచ్చే రకం. ఒకరోజు వాడు వాట్సాప్‌లో ఓ ఫొటో పంపాడు. పచ్చటి గోధుమ చేల మధ్య సున్నం గీత గీసినట్టు తెల్లటి మట్టిబాట. కింద ఒకటే లైను: “అక్కా, మే నెలలో సెలవు పెట్టెయ్.”

పెట్టేశాను.

అసలేంటీ తెల్లబాటలు?

ఇటాలియన్‌లో వీటిని ‘స్ట్రాదే బియాంకే’ అంటారు. అంటే తెల్లదారులు. ఇటలీ మధ్యలో టస్కనీ ప్రాంతం, అందులో సియెనా నగరం చుట్టుపక్కల ఇవి ఎక్కువ. సున్నపురాయిని చిన్న కంకరగా కొట్టి పరిచి, రోలర్‌తో అణిచిన దారులు. ఎండలో తెల్లగా మెరుస్తాయి. కారు పోతే వెనకాల పెళ్లి ఊరేగింపంత దుమ్ము లేస్తుంది.

ఈ దారులకి పేరు తెచ్చింది ఒక సైకిల్ పండగ. 1997లో జాంకార్లో బ్రోచ్చి అనే ఆయన, గయోలే ఇన్ కియాంతి అనే చిన్న ఊళ్లో ‘ఎరోయికా’ అని మొదలుపెట్టారు. మొదటి ఏడాది వచ్చింది 92 మంది. పాత సైకిళ్లు, పాత ఉన్ని జెర్సీలు వేసుకుని, తాతల కాలంలోలాగా మట్టిదారుల్లో తొక్కాలి. 1987కి ముందు తయారైన మోడల్ సైకిల్ అయితేనే రోడ్డు మీదకి రానిస్తారు. ఇదేదో పాత సినిమా పాటల ప్రోగ్రాంలా అనిపిస్తుంది గానీ, వెనకాల ఒక పట్టుదల ఉంది. అప్పటికే ఒక్కో తెల్లబాట మీదా తారు పడుతోంది. మిగిలిన వాటినైనా కాపాడుకోవాలంటే, ఆ దారుల విలువ నలుగురికీ తెలియాలి. అదీ ఆయన లెక్క.

ఆ లెక్క తప్పలేదు. ఇప్పుడు ఏటా అక్టోబర్‌లో ఆ ఊరికి వేలమంది వస్తారు. 2007లో ఇవే దారుల మీద ప్రొఫెషనల్ రేసు కూడా మొదలైంది. దాని పేరే ‘స్ట్రాదే బియాంకే’. 2015 నుంచి మహిళల రేసు కూడా జరుగుతోంది. సరదాగా మొదలైన పండగ వెనకాల పెద్ద రేసు పుట్టడం అరుదు.

మనలాంటివాళ్లకి మంచి వార్త ఏంటంటే, ఎరోయికా రూట్ ఏడాదంతా తెరిచే ఉంటుంది. గయోలేలో మొదలై, గయోలేకే తిరిగొచ్చే 209 కిలోమీటర్ల చుట్టు. గోధుమరంగు బోర్డులు దారి చూపిస్తాయి. ఫీజు లేదు. గైడ్ అక్కర్లేదు. సగానికి సగం మట్టిబాటే. చిక్కల్లా ఎత్తుపల్లాలతోనే. అన్ని ఎక్కుళ్లూ కలిపితే మూడున్నర వేల మీటర్లు దాటుతుంది. పండగ రోజున దీన్ని ఒక్క రోజులో తొక్కేవాళ్లున్నారు. మేం నాలుగు రోజులు పెట్టుకున్నాం.

“నాలుగు రోజులా! మరీ ముసలివాళ్లలా...” అని వీడు మొదట్లో మూతి విరిచాడు. రెండో రోజు మధ్యాహ్నానికి ఆ మూతి మామూలు స్థితికి వచ్చింది.

గాలి తగ్గించుకో తమ్ముడూ!

సియెనా నుంచి బస్సులో గయోలే చేరి, రెండు గ్రావెల్ బైకులు అద్దెకి తీసుకున్నాం. గ్రావెల్ బైక్ అంటే రోడ్డు రేసు సైకిల్‌కీ, మౌంటెన్ బైక్‌కీ పుట్టిన పిల్లలాంటిది. హ్యాండిల్ రేసు సైకిల్‌లా కొమ్ములు తిరిగి ఉంటుంది. టైర్లు మాత్రం 40 మిల్లీమీటర్ల వెడల్పు. డిస్క్ బ్రేకులు. నిట్టనిలువు ఎక్కుళ్ల కోసం బాగా తేలికైన గేర్లు. చాలావాటిలో ట్యూబు ఉండదు, లోపల పాలలాంటి ద్రవం పోస్తారు. ముల్లు గుచ్చుకుంటే అదే వెళ్లి బెజ్జాన్ని మూసేస్తుంది.

గయోలే దాటిన కాసేపటికి బ్రోలియో కోట ఎక్కుడు వచ్చింది. రెండు వైపులా సైప్రస్ చెట్లు బారులు తీరి నిలబడి ఉంటే, మధ్యలో తెల్లబాట మెలికలు తిరుగుతూ పైకి పోతుంది. ఎరోయికా రోజున జనం తెల్లవారకముందే బయల్దేరతారు కాబట్టి, ఈ ఎక్కుడు పొడుగునా దీపాలు పెడతారట. మేం వెళ్లింది పొద్దున తొమ్మిదింటికి. దీపాలు లేవు, కోయిల మాత్రం కూసింది. ఇటలీలోనూ ‘కుక్కూ’ అనే కూస్తుంది, ఆశ్చర్యం!

ఈ కోట రికాసోలి వంశానిది. అందులో బెత్తీనో రికాసోలి అనే ఆయన ఇటలీకి ప్రధానిగా కూడా చేశారు. కియాంతి వైన్ ఏ ద్రాక్షలతో ఎలా చేస్తే బాగుంటుందో 1872లో ఆయన రాసిన ఉత్తరమే తర్వాత ఆ వైన్‌కి ఫార్ములా అయింది. దేశాన్ని నడిపిన మనిషిని జనం వైన్ వంటకంతో గుర్తుపెట్టుకున్నారన్నమాట.

ఎక్కడం కష్టమే గానీ ప్రమాదం లేదు. దిగడంలోనే ఉంది కథంతా. కోట దాటి దిగుతుంటే రోడ్డు మీద ముడతలు వచ్చాయి. రేకుల కప్పు మీద తొక్కినట్టు దడదడ. వీడు గట్టిగా గాలి కొడితే బాగా పోతుందని టైర్లు రాయిలా చేసుకున్నాడు. దానికి తోడు మలుపులో ముందు బ్రేకు నొక్కాడు. సైకిల్ ఒకవైపు, వీడు ఒకవైపు. లేచి చూసుకుంటే మోకాలు గీరుకుపోయింది. ఎముక జోలికి పోలేదు, బతికిపోయాం.

“అక్కా... అమ్మకి చెప్పకు.”

“చెప్పనులే. ముందు టైర్లలో గాలి తగ్గించు.”

35 పీఎస్ఐకి దింపాక సైకిల్ మారిపోయింది. టైరు రాళ్ల మీద ఎగరడం మానేసి, వాటిని పట్టుకుని నడవడం మొదలెట్టింది. మట్టి మీద తొక్కేవాళ్లకి ఇదే మొదటి పాఠం. బిగించుకుంటే జారతావు, కాస్త వదులైతే నిలబడతావు. చేతులదీ అదే లెక్క. హ్యాండిల్‌ని గట్టిగా పట్టుకోకూడదు. నడుము కొంచెం వెనక్కి పెట్టి, బ్రేకు మలుపుకి ముందే నొక్కి, మలుపులో వదిలెయ్యాలి.

సంగోరు కథ

ఆ రాత్రి మూర్లో దగ్గర ఒక పొలం ఇంట్లో బస. ఇలాంటి వాటిని ‘అగ్రితురిస్మో’ అంటారు. రాతి గోడలు, ఎర్ర పెంకులు, కింద పూర్వం పశువుల కొట్టం, పైన మనుషులుండే గదులు. భోజనంలో ‘పీచీ’ పెట్టారు. చేత్తో సాగదీసిన లావుపాటి సేమియా అనుకోండి. దాని మీద టమాటా, పెద్ద వెల్లుల్లి సాస్. శాకాహారులు నిశ్చింతగా తినొచ్చు. రొట్టెలో మాత్రం ఉప్పుండదు. టస్కనీ రొట్టె అంతే, చప్పగా ఉంటుంది. నేను బ్యాగులోంచి కారప్పొడి తీశాను. ఆలివ్ నూనెలో కలిపి ఆ రొట్టెకి రాసుకుంటే... టస్కనీకి, తణుక్కి సంబంధం కలిసిపోయింది.

ఇల్లుగల ఆవిడకి డెబ్భై ఏళ్లుంటాయి. వీడి వచ్చీరాని ఇటాలియన్‌తో మాట కలిపాం. ఇంత పెద్ద ఇల్లు మీ తాతలదా అని అడిగితే, ఆవిడ నవ్వి కాదంది. వాళ్ల తాతలు ఇక్కడ పాలికి చేసినవాళ్లట. ఇల్లు దొరది, భూమి దొరది, రెక్కలు వాళ్లవి.

ఈ పద్ధతిని ‘మెత్సాద్రియా’ అంటారు. పంటలో సగం భూస్వామికి, సగం రైతు కుటుంబానికి. మా వైపు ‘సంగోరు’ అంటాం చూడండి, అదే. వందల ఏళ్లు టస్కనీ వ్యవసాయం ఇలాగే నడిచింది. రైతు కుటుంబం ఊళ్లో కాకుండా, తాను సాగుచేసే భూమి మధ్యలోనే దొర కట్టించిన ఇంట్లో ఉండేది. అందుకే ఇక్కడ ప్రతి గుట్ట మీదా ఒంటరిగా ఒక ఇల్లు. ప్రతి ఇంటికీ ఒక బాట. మనం ఇవాళ సైకిల్ తొక్కే తెల్లదారుల్లో చాలా మటుకు ఎడ్ల బళ్లు పోయిన ఆ బాటలే.

రెండో ప్రపంచయుద్ధం తర్వాత ఫ్యాక్టరీలు వచ్చాయి. 1950ల్లో, 60ల్లో జనం ఇళ్లు వదిలేసి పట్నాలకి పోయారు. 1964లో కొత్త సంగోరు ఒప్పందాలు చేసుకోకూడదని చట్టం వచ్చింది. గుట్టల మీద ఇళ్లు ఖాళీ అయ్యాయి. మనుషులే లేని ఇంటికి తారు రోడ్డు ఎవరు వేస్తారు? అలా మిగిలిపోయాయి ఈ దారులు.

నేను ఆ ఫొటోలో చూసిన అందం వెనకాల ఇంత వలస ఉందని నాకు అప్పటిదాకా తెలీదు. ఆ రాత్రి సరిగ్గా నిద్ర పట్టలేదు. మా పుంత గుర్తొచ్చింది.

వాన పడింది... పుంత వచ్చేసింది

రెండో రోజు మోంతాల్చీనో. కొండ మీద కోట, ఊరు, చుట్టూ ద్రాక్షతోటలు. ఇక్కడి బ్రునెల్లో వైన్ కోత కోశాక ఐదో ఏడు జనవరిలో గానీ బజారుకి రాదు. అంత ఓపిక ఊరిది. 2010లో జిరో ద ఇతాలియా రేసు ఈ మట్టిదారుల మీదుగా ఇక్కడికి వచ్చిన రోజు కుండపోత వాన. రైడర్లు ఎవరు ఏ జట్టో పోల్చుకోలేనంత బురద. ఆ రోజు గెలిచిన కాడెల్ ఎవాన్స్ వరల్డ్ చాంపియన్ జెర్సీ మీద ఇంద్రధనుస్సు కూడా బురదలో మునిగిపోయింది. ఆ ఫొటోలు చూసి “అబ్బ, ఏం రేసు!” అనుకున్నాను.

మధ్యాహ్నం రెండింటికి మాకూ వాన మొదలైంది.

కంకర ఉన్నంతసేపు బాగానే ఉంది. నీళ్లు ఇంకిపోతాయి, టైరు పట్టు వదలదు. కానీ మేం ఫోన్లో మ్యాప్ చూసి, బోర్డులున్న దారి వదిలి, పొలాల్లోంచి ఒక అడ్డదారి పట్టాం. అదీ మేం చేసిన తప్పు. కంకర అయిపోయి బంకమన్ను వచ్చింది. బూడిదరంగు జిగట. మా రేగడి మట్టికి మేనత్త కూతురే. నాలుగు చుట్లు తిరిగేసరికి చక్రానికీ, ఫ్రేముకీ మధ్య మట్టి కూరుకుపోయి సైకిల్ ఆగిపోయింది. పుల్లతో గీకడం, పది అడుగులు తొయ్యడం, మళ్లీ గీకడం. రెండు కిలోమీటర్లకి గంటన్నర పట్టింది. బూట్లు ఒక్కోటి రెండు కేజీలు.

వీడు నవ్వుతున్నాడు. వీడియో తీస్తున్నాడు. నాకు నవ్వు రాలేదు.

నేను తొమ్మిదో క్లాసులో ఉండగా, ఇలాగే ఒక వాన రాత్రి, మా నానమ్మకి పక్షవాతం వచ్చింది. అంబులెన్సు మెయిన్ రోడ్డు మీద ఆగిపోయింది. పుంతలోకి రాలేనన్నాడు డ్రైవరు, తప్పు అతనిది కాదు. నాన్న, బాబాయి, ఇంకో ఇద్దరు కలిసి నానమ్మని నులకమంచం మీద మోసుకెళ్లారు. నేను ముందు టార్చిలైటు పట్టుకుని నడిచాను. కిలోమీటరున్నరకి ముప్పావు గంట. నానమ్మ బతికింది. ఎడమ చెయ్యి మాత్రం మళ్లీ లేవలేదు. త్వరగా తెచ్చుంటే బాగుండేదని డాక్టరు అన్నాడు. నాన్న అర్జీలు మొదలైంది ఆ వారంలోనే.

తమ్ముడు అప్పుడు చిన్నవాడు. వాడికి గుర్తు లేదు. నేనెప్పుడూ చెప్పలేదు కూడా. ఆ బురదలో సైకిల్ తోస్తూ చెప్పాను. వాడు ఫోన్ జేబులో పెట్టేసుకున్నాడు.

“మరి మనం ఇక్కడ ఏం చేస్తున్నాం అక్కా?” అన్నాడు కాసేపయ్యాక.

ఏం చెప్పాలో తెలీలేదు. తారు రోడ్డు ఎక్కి, తలలు వంచుకుని, బ్వోన్‌కోన్వెంతో చేరాం.

ఆ గ్రేడర్ డ్రైవరు చెప్పిన మాట

మూడో రోజు ఆకాశం కడిగిన పళ్లెంలా ఉంది. బ్వోన్‌కోన్వెంతో నుంచి అషానో వైపు. ఈ ప్రాంతాన్ని ‘క్రేతె సెనేసి’ అంటారు. అంటే సియెనా బంకమన్ను నేలలు. నిన్న మమ్మల్ని ఏడిపించిన మన్నే. లక్షల ఏళ్ల కింద ఇదంతా సముద్రం అడుగట. చెట్లు తక్కువ. గోధుమలు వేసిన గుట్టలు అలల్లా ఒకదాని వెనక ఒకటి. దూరంగా ఒకే ఒక్క సైప్రస్ చెట్టు కనిపిస్తే, దాని పక్కన ఇల్లుందని అర్థం.

అషానోకి ఒంటిగంటన్నరకి చేరాం. ఊరంతా షట్టర్లు దించేసి ఉంది. ఇక్కడ పల్లెల్లో మధ్యాహ్నం ఒంటిగంట నుంచి నాలుగింటి దాకా కొట్లు మూసేస్తారు. ఎంత బతిమాలినా తెరవరు, బతిమాలడానికి అసలు ఎవరూ ఉండరు. పల్లీ పట్టీలు రెండు తిని, కుళాయి దగ్గర సీసాలు నింపుకున్నాం.

అషానో దాటాక మోంతే సాంతే మారియే. స్ట్రాదే బియాంకే రేసులో పేరుమోసిన ముక్క ఇది. 11.5 కిలోమీటర్ల మట్టిబాట, నీడ లేదు, సమంగా ఉన్న చోటే లేదు. మూడుసార్లు గెలిచిన ఫాబియన్ కాంచెల్లారా పేరుతో ఇక్కడ ఒక రాయి పెట్టారు. 2024లో తదేయ్ పొగాచర్ ఈ ముక్కలోనే అందరినీ వదిలేసి, 81 కిలోమీటర్లు ఒంటరిగా తొక్కి గెలిచాడు. మేం అక్కడ రెండుసార్లు సైకిల్ దిగి నడిచాం. సిగ్గేం లేదు.

మూడో గుట్ట ఎక్కేసరికి దారి మధ్యలో పసుపుపచ్చ గ్రేడర్ అడ్డంగా ఉంది. నిన్నటి వానకి పడ్డ గాళ్లు చెక్కి, కొత్త కంకర పోసి, వెనకాల రోలర్‌తో తొక్కిస్తున్నారు. మేం ఆగాం. డ్రైవరు ఇంజిన్ ఆపి దిగాడు. యాభై ఏళ్లుంటాయి. ఇలా ఎన్నిసార్లు చేస్తారని వీడు అడిగాడు. పెద్ద వాన పడ్డప్పుడల్లా అన్నాడాయన. ఏటా చేయాల్సిందేనట. తారు వేస్తే ఒకసారితో పోయేది కదా అన్నాను నేను. వీడు అనువాదం చేశాడు.

ఆయన పెద్దగా నవ్వాడు. వచ్చినవాళ్లంతా తారు వేయకండి, తెల్లగానే ఉంచండి అని చెబుతారట. తారు వేయమన్న టూరిస్టుని నన్నే మొదట చూశాడట. తర్వాత చేత్తో అవతలి లోయ వైపు చూపించి ఒక మాట అన్నాడు. వీడు నాకు తెలుగులో చెప్పాడు:

“మా ఇంటి ముందు తారే ఉంది. అంబులెన్సు రావాలి కదా!”

నేను ‘అంబులెన్సు’ అన్న మాట అసలు ఎత్తలేదు. ఆయనంతట ఆయనే అన్నాడు.

అప్పుడు మ్యాప్ తీసి సరిగ్గా చూశాను. రెండు రోజులుగా తెల్ల గీతలే చూశాను, పక్కనే ఉన్నవి చూడలేదు. అషానోకి తారు రోడ్డుంది. మూర్లోకి ఉంది. మోంతాల్చీనోకి ఉంది. మేం వచ్చిన ప్రతి ఊరికీ తారు రోడ్డు వచ్చాకే, రెండో దారిగా తెల్లబాట మిగిలింది. పైగా ఆ రెండో దారికి కూడా వాన వెలిసిన మర్నాడే గ్రేడర్ వస్తుంది. వీళ్లు ‘వద్దు’ అనగలుగుతున్నది, ‘కావాలి’ అన్నది ముందే దొరికింది కాబట్టి. మా పుంతకి ఆ వరస ఇంకా రాలేదు.

ఆయన సైగ చేస్తే గ్రేడర్ పక్కనుంచి వెళ్లిపోయాం. కొత్త కంకర మీద మొదటి టైరు గుర్తులు మావే.

గోడ మీద రోడ్డు

నాలుగో రోజు కస్తెల్నోవో బెరార్దెంగా నుంచి వాల్యాల్యి, రద్దా మీదుగా మళ్లీ గయోలే. అడవులు, ద్రాక్షతోటలు, ఆగకుండా ఎక్కుళ్లు. చివరి దిగుడులో వీడు మలుపుకి ముందే బ్రేకు నొక్కి, మలుపులో వదిలేశాడు. చూసి ముచ్చటేసింది. 209 పూర్తి చేశామా అంటే లేదు. రెండో రోజు వదిలేసిన ముక్క అలాగే ఉంది. యాప్‌లో చుట్టు మూసుకోలేదు. వాడికి కొంచెం బాధ, నాకు లేదు.

తిరిగి సియెనా వచ్చి సైకిళ్లు లేకుండా ఒక పూట తిరిగాం. రేసు ముగిసే చోటు ఇదే, పియాజ్జా దెల్ కాంపో. శంఖంలా వాలుగా ఉన్న పెద్ద ఇటుకల మైదానం. దానికి ముందు శాంత కాతెరీనా వీధి 16 శాతం ఎక్కుడు. నడిచే ఎక్కాం, అయినా ఆయాసం.

మైదానం పక్కనే పాలజ్జో పుబ్లికో, అంటే ఆ కాలపు పాలక మండలి భవనం. 1338, 1339ల్లో అంబ్రోజో లోరెంజెత్తి అనే చిత్రకారుడితో లోపలి గోడల మీద బొమ్మలు వేయించారు. ఒక గోడ మీద మంచి పాలన ఫలితాలు, ఎదురుగా చెడ్డ పాలన ఫలితాలు. పాలకులు కూర్చుని నిర్ణయాలు తీసుకునే గది అది. తల ఎత్తితే చాలు, రెండూ కనిపించాలని.

మంచి పాలన గోడ మీద ఏముందో తెలుసా? సియెనా కోట గుమ్మం, అందులోంచి పల్లెల్లోకి దిగే దారి. దాని మీద గాడిదల మీద బస్తాలు, గుర్రాల మీద జనం, పందిని తోలుకొస్తున్న రైతు. చుట్టూ కోతలు, నూర్పిళ్లు, ద్రాక్షతోటలు. వెనకాల నాలుగు రోజులు మేం తొక్కిన గుట్టలే. పైన ఎగురుతున్న దేవతామూర్తి పేరు ‘భద్రత’. ఎవరైనా భయం లేకుండా ఈ దారిన పోవచ్చని ఆమె చేతిలో రాసి ఉంటుంది. ఎదుటి గోడ మీద పొలాలు ఎండిపోయి, ఊళ్లు తగలబడి, దారి మీద సాయుధులు తప్ప మామూలు మనిషి లేడు.

మంచి ప్రభుత్వం అంటే ఏంటో చూపించడానికి దాదాపు 690 ఏళ్ల కిందట ఒక మనిషి ముందుగా ఎంచుకున్న వాటిలో ఒకటి, పల్లె నుంచి పట్నానికి మనుషులు వెళ్లగలిగే రోడ్డు.

బయటికొచ్చి మెట్ల మీద కూర్చుని నాన్నకి ఫోన్ చేశాను. గోడ బొమ్మ గురించి చెప్పాను. గ్రేడర్ డ్రైవరు గురించి చెప్పాను. ఆయన అంతా విన్నారు.

“వాన పడ్డ మర్నాడే వచ్చాడా?” అన్నారు.

“మర్నాడే నాన్నా.”

కాసేపు ఏం మాట్లాడలేదు. తర్వాత, “సరే, వచ్చేటప్పుడు నీ ఫోన్లో ఆ మిషను ఫొటో ఉంటే చూపించు. ఈసారి అర్జీకి జత చేస్తాను” అన్నారు.

ఫొటో ఉంది. వీడు తీశాడు. ముందు నేను, వెనకాల గ్రేడర్, కింద కొత్త కంకర. ఈ ట్రిప్‌లో తీసిన వందల ఫొటోల్లో ప్రింటు తీయించింది అదొక్కటే.

మీరూ వెళ్లాలనుకుంటే...

ఎప్పుడు: ఏప్రిల్ నుంచి జూన్ మొదటి వారాల వరకూ, మళ్లీ సెప్టెంబర్, అక్టోబర్. జూలై, ఆగస్టుల్లో ఎండ మన మే నెలలా ఉంటుంది, మట్టిబాటల మీద నీడ దొరకదు. శరత్కాలంలో అడవిపందుల వేట సీజన్, మెరిసే రంగు జెర్సీ వేసుకోండి.

వీసా: షెంగెన్ వీసా కావాలి. పెద్దవాళ్లకి ఫీజు 90 యూరోలు, సర్వీస్ చార్జీ అదనం. కనీసం 30 వేల యూరోల ట్రావెల్ ఇన్సూరెన్స్ తప్పనిసరి. సైక్లింగ్ ప్రమాదాలు కవర్ అవుతాయో లేదో పాలసీలో చూసుకోండి.

ఎలా చేరాలి: ఫ్లోరెన్స్ నుంచి సియెనాకి రీజనల్ రైలు, గంటన్నర ప్రయాణం. సొంత సైకిల్ ఉంటే దానికి వేరే టికెట్ తీసుకుని రీజనల్ రైళ్లలో ఎక్కించుకోవచ్చు. స్టేషన్ కింద, ఊరు పైన. ఎస్కలేటర్లు ఉన్నాయి, కంగారుపడకండి.

సైకిల్: అద్దెకి తీసుకోవడమే తేలిక. టైరు 38 నుంచి 45 మిల్లీమీటర్లు ఉండేలా చూసుకోండి. మీ బరువు చెప్పి, గాలి ఎంత ఉండాలో షాపులోనే అడగండి.

నీళ్లు, తిండి: కుళాయి మీద ‘నోన్ పొతాబిలె’ అని ఉంటే తాగొద్దు. రెండు సీసాలు తప్పనిసరి. మధ్యాహ్నం ఒంటిగంటలోపు ఏదో ఒకటి కొనుక్కోండి. హోటల్ బిల్లులో ‘కోపెర్తో’ అని కనిపిస్తే గొడవ పడకండి, అది మనిషికింత అని వేసే బల్ల చార్జీ.

కుక్కలు: గొర్రెల మందల దగ్గర పెద్ద తెల్ల కుక్కలు కాపలా ఉంటాయి. కనిపిస్తే సైకిల్ దిగి, మందకీ మీకూ మధ్య సైకిల్ పెట్టుకుని నెమ్మదిగా నడిచిపోండి. స్పీడుగా తొక్కితే వెంటపడతాయి.

వాన: కంకర ఉన్న దారి వదలకండి. మ్యాప్ ఏ అడ్డదారి చూపించినా సరే. ఒకవేళ బంకమట్టిలో దిగిపోయారో... ఎలా తోసుకురావాలో మా ఊరికొస్తే నేర్పిస్తాం!